విజిల్, పెన్నూ ఒకే జేబులో: రహీం సాబ్ కథ

  ఈ ఎపిసోడ్ మిద్దె మీద రికార్డ్ చేద్దామనుకున్నా. కర్నూలు ఎండ సంగతి తెలుసు కదా, పది నిమిషాలకే ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. అందుకే కిందికొచ్చి, సౌండ్ రాకుండా ఫ్యాన్ ఆపేసి కూర్చున్నా. చెమటలు కనిపిస్తే ఏమీ అనుకోకండి.

మొన్న నేను చదివిన స్కూల్ గ్రౌండుకి పోయినా. మేం ఫుట్‌బాల్ ఆడిన చోట ఇప్పుడు సర్కారు తుమ్మ మొలిచింది. గోల్ పోస్టుల్లో ఒకటి ఉంది, ఒకటి లేదు. వాచ్‌మెన్ తాతను అడిగితే, "ఇప్పుడెవరు ఆడతారప్పా? ఆ సార్ రిటైరైనాక అంతే" అన్నాడు.

ఆ సార్ అంటే మా పీఈటీ సార్. నేను ఇంటికొచ్చి ఆలోచించినా. ఒక్క మనిషి రిటైరైతే ఆట ఎట్లా ఆగిపోతుంది? గ్రౌండ్ అక్కడే ఉంది, పిల్లలు ఉన్నారు, బాల్ మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. మరి పోయిందేంది?

దీనికి జవాబు నాకు ఒక పాత కథలో దొరికింది. ఆ మనిషి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా వచ్చింది కదా, అందులో ఆయన వేసింది ఈ రహీం సాబ్ పాత్రే. సినిమా చూసినవాళ్లకు ఆయన కోచ్‌గా తెలుసు. ఆయన చేతిలో ఇంకో పని కూడా ఉండేది. ఈరోజు మనం ఎక్కువగా దాని గురించే మాట్లాడుకుందాం.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టినారు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, స్కూల్ టీచర్‌గా పనిచేసినారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసినారు. అంటే ఆయన కూడా మొదట మన పీఈటీ సార్ లాంటి మనిషే. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు సెక్రటరీ అయినారు. చనిపోయేదాకా, దాదాపు ఇరవై ఏళ్లు, ఆ పని వదల్లేదు.

సెక్రటరీ అంటే ఏం పని? టోర్నమెంట్ పెట్టాలి. గ్రౌండుకు పర్మిషన్ తేవాలి. రెఫరీలను పిలవాలి. ఏ పిల్లోడు ఏ బస్తీలో బాగా ఆడుతున్నాడో కనిపెట్టాలి. లెటర్లు రాయాలి. ఇవన్నీ చప్పట్లు రాని పనులు. సినిమాలో చూపించినా రెండు నిమిషాల్లో అయిపోతాయి.

1950 నుంచి ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ కూడా అయినారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఉన్న రోజుల్లో, ఒక పోలీసు జట్టు! అదే సమయంలో ఇండియా టీమ్ కోచ్ కూడా ఆయనే. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చినారు.

అంటే ఒక జేబులో విజిల్, అదే జేబులో పెన్ను. పొద్దున గ్రౌండులో ఆడించడం, సాయంత్రం టేబుల్ ముందు కూర్చుని ఆట జరిగేట్టు చూడటం.

ఈ రెండూ ఒకే చేతిలో ఉంటే ఏమైతుందో ఒక ఉదాహరణ చెప్తా. రహీం సాబ్ హైదరాబాదులో విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో బలం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నోడు ఎడమ కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బాల్ రాగానే పాస్ ఇచ్చేయాలి. పొట్టివాళ్లకు మాత్రమే అని ఇంకో టోర్నమెంట్. ఉత్త కోచ్‌కు ఇట్లాంటి ఆలోచన వస్తే తన పదకొండు మందితో ప్రాక్టీసులో చేయిస్తాడు. అసోసియేషన్ కూడా ఆయన చేతిలో ఉంది కాబట్టి ఊరు ఊరంతా ఆ ఆట ఆడింది.

ఇంకో మాట. తులసీదాస్ బలరాం అని పెద్ద ఆటగాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లోడు, పేద ఇల్లు. ప్రాక్టీసుకు రావాలంటే చాలా దూరం. సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులు ఇచ్చేవారని బలరాం తరువాత చెప్పుకున్నారు. టాలెంట్ గురించి మనం గంటలు గంటలు మాట్లాడతాం. సైకిల్ అద్దె గురించి ఎవరూ మాట్లాడరు. ఆ అద్దె లేకపోతే ఆ బలరాం ఉండడు.

అన్నీ గెలుపులే అనుకోకండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో ఇండియా 10-1తో ఓడిపోయింది. మనోళ్లు చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడినారు. పది గోల్స్! ఇప్పుడైతే మీమ్స్‌తో చంపేసేవాళ్లం. ఆ తరువాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయినాయి.

ఇక 1956. మన కర్నూలు వాళ్లకు ఈ సంవత్సరం ఊరికే గుర్తుంటుంది. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, మన ఊరు రాజధానిగా ఉండటం ఆరోజుతో ముగిసింది. సరిగ్గా నెల తరువాత, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా 4-2తో ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టినాడు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్... వీళ్లంతా హైదరాబాద్ వైపు వాళ్లే. నాలుగేళ్ల కింద పది గోల్స్ తిన్న జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ ఆడి, నాలుగో స్థానంలో నిలిచింది. అన్నేళ్ల లెటర్లు, పర్మిషన్లు, సైకిల్ అద్దెలు యాడికి పోయినాయని అడిగితే, ఇదిగో, ఇక్కడికి వచ్చినాయి.

చివరిది 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికి రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. రహీం ఏం చేసినారు? అదే జర్నైల్‌ను తరువాత ఫార్వర్డ్‌గా ముందుకు పంపినారు.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే కొరియా. స్టేడియంలో దాదాపు లక్ష మంది, అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఎందుకంటే ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ గేమ్స్‌కు రానివ్వకపోవడం తప్పని మన దేశ ప్రతినిధి జి.డి. సోంధీ గట్టిగా అభ్యంతరం చెప్పినారు. ఆ కోపమంతా ఆటగాళ్ల మీదికి మళ్లింది. అంత గోలలో పి.కె. బెనర్జీ ఒకటి, కుట్లు పడిన తలతో జర్నైల్ ఒకటి, మొదటి 20 నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టేసినారు. 2-1తో గెలుపు. బంగారం.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ వెళ్లిపోయినారు. 53 ఏళ్లు.

ఆ తరువాత? ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు మళ్లీ బంగారం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో ఒక కాంస్యం, అంతే. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు చివరిసారి ఆడింది 1960లో, రోమ్‌లో. అప్పుడూ కోచ్ ఆయనే.

ఇదంతా ఆయన పోవడం వల్లే అని నేను చెప్పను. అట్లా చెప్తే అబద్ధం అయితుంది. మిగతా ఆసియా దేశాలు వేగంగా ఎదిగినాయి, మన మనసు, డబ్బు క్రికెట్ వైపు పోయినాయి. ఒక్కటి మాత్రం చెప్తా. నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినా కదా. మా దగ్గర బస్ ఫ్యాక్టర్ అని ఒక లెక్క ఉంటుంది. ప్రాజెక్టులో ఎంతమంది రేపట్నుంచి రాకపోతే పని మొత్తం నిలిచిపోతుందో, ఆ అంకె. అది ఒకటి అయితే, ఎంత గొప్ప ప్రాజెక్టయినా దారం మీద వేలాడుతున్నట్టే. ఒకే మనిషి దగ్గర విజిల్, పెన్నూ రెండూ ఉండటం రహీం సాబ్ బలం. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు అదే ప్రమాదం కూడా.

మళ్లీ మా గ్రౌండుకు వస్తా.

మా పీఈటీ సార్ కూడా అంతే. కడపలో మ్యాచులంటే నెల ముందు నుంచే ఆయన డైరీ తెరిచేవారు. ఎవరి నాయన ఒప్పుకోడో ఆ ఇంటికి పోయి మాట్లాడేవారు. ఫారాలు నింపేవారు. తెల్లారి ఐదు గంటల బస్సు, నంద్యాలలో దిగి ఉగ్గాని బజ్జీ, మళ్లీ ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప. ఆ టిఫిన్ డబ్బులు ఎవరు పెట్టినారో మాకు ఎప్పుడూ తెలీదు. మేం ఆడినాం, వచ్చినాం. ఆయన రిటైరైన రోజు దండ వేసి, శాలువా కప్పినాం. డైరీ అడగాలని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

పోయిన ఆదివారం సార్ ఇంటికి పోయినా. "ఏందిరా, ఉద్యోగం వదిలేసినావంట?" అని మొదట తిట్టినారు. తరువాత డైరీ గురించి అడిగితే, బీరువాలోంచి ఒకటి కాదు, ఏడు తీసినారు. ఏ పిల్లోడు ఎంత సేపు పరిగెత్తినాడు, ఎవరికి బూట్ల సైజెంత, ఏ ఆఫీసులో ఏ లెటర్ ఇవ్వాలి, అన్నీ ఉన్నాయి. నా పేరు పక్కన ఏముందో తెలుసా? "బాల్ వదలడు, పాస్ నేర్పాలి" అని రాసుంది. పదమూడేళ్ల కిందటి మాట. నాకు నోట మాట రాలేదు.

రెండు గంటలు కూర్చుని అన్ని పేజీలూ ఫోన్లో ఫొటోలు తీసినా. స్కూల్లో ఇప్పుడున్న సార్‌కు పంపినా. ఆయన కొత్తగా వచ్చినారు, మంచి మనిషి. "ముందు ఆ తుమ్మ కొట్టించాలి, దానికి ఎవరికి రాయాలో చెప్పండి" అన్నారు. మూడో డైరీలో ఆ లెటర్ నమూనా ఉంది. అది కూడా పంపినా. ఏమైతుందో తెలీదు. అయితే మళ్లీ ఎపిసోడ్ చేస్తా, కాకపోయినా చేస్తా.

మీకు ఒక్క పని చెప్తా. మీకు ఆట నేర్పిన సార్ గాని, మేడం గాని మీ ఊర్లోనే ఉంటే, ఈ వారం ఒకసారి పోయి రండి. ఆడటం గురించే కాదు, ఆట జరగడానికి వాళ్లు ఏమేం చేసేవాళ్లో అడగండి. రికార్డ్ చేసుకోండి. తరువాత వచ్చే మనిషికి ఇవ్వండి.

అంతే ఈరోజుకు. మీ సార్ ఏ ఊరు, ఏ ఆట నేర్పినారో కామెంట్లో రాయండి, నేను అన్నీ చదువుతా. ఇప్పుడు ఫ్యాన్ వేసుకుంటా. ఉంటా మరి, నమస్తే.