బియ్యం కడగొద్దని ఎందుకు రాశారు?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నదంతా ఇక్కడ రాతలో పెడుతున్నాం. డ్యూటీల వల్ల వినడం కుదరనివాళ్లు తీరిక దొరికినప్పుడు చదువుకోండి.

నేను అమెరికా వచ్చిన కొత్తలో ఇండియన్ స్టోర్ చాలా దూరం. కారు లేదు. పక్కనే ఉన్న అమెరికన్ షాపులో ఒక బియ్యం ప్యాకెట్ కొన్నాను. మా అమ్మ చేసినట్టే మూడుసార్లు నీళ్లు మార్చి కడిగాను. తర్వాత ప్యాకెట్ తిప్పి చూస్తే, వండే ముందు కడగొద్దు, గంజి వార్చొద్దు అని రాసి ఉంది! నవ్వొచ్చింది. కడగని బియ్యం ఎవరు తింటారు చెప్పండి?

ఆ బియ్యానికి విటమిన్లు పట్టించి అమ్ముతారనీ, కడిగితే అవి నీళ్లతో పోతాయనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వాటిలో ముఖ్యమైనది ఫోలిక్ యాసిడ్. ఇవాళ మన కబురు దాని గురించే.

తల్లి కడుపులో బిడ్డకి మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మొదటి 28 రోజుల్లోనే మూసుకుపోవాలి. అది సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ వెన్నులో లోపంతో పుడుతుంది, లేదా అసలు బతకదు. తల్లి ఒంట్లో ఫోలిక్ యాసిడ్ సరిపడా ఉంటే ఈ ప్రమాదం బాగా తగ్గుతుందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది. మరుసటి ఏడాదే, గర్భం వచ్చే వయసులో ఉన్న ప్రతి స్త్రీ రోజుకి 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని అమెరికా ప్రభుత్వం చెప్పింది.

చెప్పడం సులువే. కానీ 28 రోజులంటే ఎంత? నెల తప్పిందని తెలిసి, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికే ఆ రోజులు దాటిపోతాయి. అప్పుడు వేసుకునే మాత్ర ఈ ఒక్క పనికి ఆలస్యమైనట్టే.

అందుకే ఇంకో దారి పట్టారు. మాత్ర గుర్తు పెట్టుకోమని కోట్ల మందికి చెప్పే బదులు, వాళ్లు రోజూ తినే తిండిలోనే కలిపేస్తే? 1996లో ఎఫ్‌డీఏ ఆదేశం ఇచ్చింది. 1998 జనవరి నుంచి ‘ఎన్‌రిచ్డ్’ అని అమ్మే మైదా, బ్రెడ్, పాస్తా, బియ్యంలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. పిండిలో అయితే 100 గ్రాములకి 140 మైక్రోగ్రాములు. ఇంకా ఎక్కువ ఎందుకు కలపలేదంటే, బీ12 తక్కువున్న పెద్దవాళ్లలో ఆ లోపం బయటపడకుండా ఫోలిక్ యాసిడ్ కప్పేసే ప్రమాదం ఉంది. ఒకరికి మేలు చేయబోయి ఇంకొకరికి కీడు జరగకుండా లెక్క చూసుకున్నారన్నమాట.

ఫలితం? దీనివల్ల ఏటా సుమారు 1,300 మంది పిల్లలు ఈ లోపం లేకుండా పుడుతున్నారని సీడీసీ అంచనా. ఆ తల్లుల్లో చాలామందికి ఫోలిక్ యాసిడ్ పేరు కూడా తెలిసి ఉండదు. డాక్టరు ఎదురుగా ఉన్న పేషెంటుని చూస్తాడు. పాలసీ మాత్రం, ఆస్పత్రి గడప తొక్కనివాళ్లకి కూడా మేలు అందేలా చూస్తుంది.

ఇందులో మనవాడి చెయ్యి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో చదువు కోసం బోస్టన్ వచ్చి, పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రి పని చేశారు. ఇద్దరు అన్నదమ్ముల్ని స్ప్రూ అనే జబ్బుకి పోగొట్టుకున్న మనిషి ఆయన. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేసింది. అది స్ప్రూకి కూడా మందయింది.

సరే, అసలు విషయానికొద్దాం. మన తెలుగాయన బృందం తయారుచేసి చూపించిన విటమిన్ అమెరికా పిండిలో ఉంది. మరి అమెరికాలో ఉన్న తెలుగింట్లో ఉందా?

మనం తినేదేంటి? ఇండియన్ స్టోర్ సోనా మసూరి, గోధుమపిండి, రవ్వ, మినప్పప్పు. 1998 రూలు ‘ఎన్‌రిచ్డ్’ అని అమ్మేవాటికే. పొట్టుతో ఆడించిన గోధుమపిండికి ఆ రూలు లేదు. ఇండియా నుంచి వచ్చే చాలా బియ్యం బస్తాల మీద ఆ మాటే కనపడదు. కనపడినా మనం కడిగేస్తాం.

ఇలా తప్పిపోయింది మనమొక్కళ్లమే కాదు. మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లు తినేది మొక్కజొన్న మాసా పిండి. అది 1998 రూల్లో లేదు. వాళ్ల పిల్లల్లో ఈ లోపం ఎక్కువగా కనపడుతూ వచ్చింది. మాసాలో కలుపుకోవచ్చని ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది 2016లో, అంటే 18 ఏళ్ల తర్వాత. అది కూడా తప్పనిసరి కాదు. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి, 2026 జనవరి నుంచి తప్పనిసరి చేసింది. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే అది కదిలింది. పాలసీ ఎక్కువమంది కంచం చూసి రాస్తారు. వలస వచ్చినవాళ్ల కంచం వేరుగా ఉంటుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, కానీ నష్టపోయేది మనమే.

కొత్తగా పెళ్లై హెచ్4 మీద వచ్చిన చెల్లెళ్లు, వాళ్ల భర్తలు ముఖ్యంగా వినండి. పిల్లల కోసం అనుకుంటున్నా, అనుకోకపోయినా గర్భం వచ్చే అవకాశం ఉంటే, రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టండి. గర్భానికి కనీసం నెల ముందు నుంచీ, తర్వాత మొదటి రెండు మూడు నెలలూ కావాలి. పప్పు, పాలకూర, శనగలు తింటున్నాం కదా అంటారు. తినండి, మంచిదే. కానీ కూరల్లో ఉండేది వండితే కొంత పోతుంది, ఒంటికి పట్టేదీ తక్కువే. తిండికి తోడుగా మాత్ర కూడా కావాలి.

ఏ ఫార్మసీలో అయినా చవగ్గా దొరుకుతుంది. డాక్టర్ చీటీ ఉంటే చాలా ఇన్సూరెన్సుల్లో కోపే లేకుండా ఇవ్వాలని 2010 ఆరోగ్య చట్టం చెబుతోంది. శాకాహారులైతే బీ12 కూడా ఒకసారి టెస్ట్ చేయించుకోండి. షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా, ముందు బిడ్డకి ఈ లోపం వచ్చినా మీ డోసు వేరు. అది డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు పెంచుకోవద్దు.

గల్ఫ్‌లో ఉన్న శ్రోతలకి ఒక మాట. సౌదీ, కువైట్, ఒమన్‌లలో కూడా పిండిలో కలుపుతారు. కానీ మీ గదిలో వండుకునేది అన్నమే అయితే మీ లెక్కా ఇదే. ఇంటి దగ్గర మీ ఆవిడకి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పండి.

ఇవాళ వంటింట్లోకెళ్లి బియ్యం బస్తా, పిండి సంచీ తిప్పి చూడండి. ఫోలిక్ యాసిడ్ అన్న మాట ఉందా లేదా మాకు రాయండి. వచ్చే వారం కలుద్దాం. ఆరోగ్యం జాగ్రత్త.