బెంగళూరు హైవే దిగితే.. గద్వాల, వనపర్తి, సోమశిల

హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబర్ హైవే మీద పెబ్బేరు, ఎర్రవల్లి బోర్డులు ఎన్నిసార్లు దాటిపోయుంటారు? ఈసారి అక్కడ బండి తిప్పండి. రెండు రోజులు పెట్టుకోండి.

మొదట ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉంది కాబట్టి నడిగడ్డ అంటారు. సోమనాద్రి కోట, అందులో చెన్నకేశవస్వామి గుడి చూడండి. చీర కొనాలంటే మగ్గం దగ్గరికే వెళ్లండి. ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెంటినీ ఎలా కలుపుతారో చూశాక మీకే బేరమాడబుద్ధి కాదు. మధ్యాహ్నం జూరాల డ్యాం దగ్గర చేపలు, అస్సలు మిస్సవ్వొద్దు.

అక్కడ్నుంచి అలంపురం. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు. పక్కనే కూడవెల్లి సంగమేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా రాళ్లు విప్పి తెచ్చి, ఇక్కడ మళ్లీ కట్టారు.

రెండోరోజు వనపర్తి. సంస్థానం రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, లోపలికి పోయేముందు అడగండి. తర్వాత కొల్లాపూర్ మీదుగా నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల. చుట్టూ నల్లమల కొండలు, మధ్యలో కృష్ణమ్మ. బోటెక్కండి, ఫొటోలు దిగండి. కానీ ఒక్కమాట. 1980లలో ఆ నీళ్ల కిందికి ఊళ్లకు ఊళ్లే పోయాయి. గుళ్లను విప్పి తెచ్చి కట్టుకోగలిగాం. ఊరిని అట్లా తేలేం కదా!

మీ ఇంట్లో మునిగిన ఊరి పెద్దవాళ్లు ఎవరన్నా ఉంటే, ఆ ఊరి పేరు అడిగి కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!