రక్తము పలుకు సాక్ష్యము

పలాస జీడితోటలు మొదలుకొని కవిటి, సోంపేట కొబ్బరితోటల వరకు ఉద్దానము పచ్చని సీమ. ఆ పచ్చదనము నడుమనే, మూలకారణము నేటికిని తేలని మూత్రపిండవ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యెను. టెక్కలి, సోంపేటలందును డయాలిసిస్ కేంద్రములు కలవు. వారమునకు రెండు మూడు పర్యాయములు రోగి నెత్తురు అచ్చటి యంత్రమున శుభ్రపడి తిరిగి దేహమును చేరును. నెత్తురుతో పని గలచోట నెత్తురున దాగు శత్రువులను గూర్చి జాగ్రత్త వలెను. కాలేయమును చెరచు హెపటైటిస్ బి, సి వైరసులను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

కన్నులు పచ్చబడిననే కామెరలని మనవారి తలంపు. కాని ఈ వైరసులు సోకిన పలువురిలో ఏ లక్షణమును పొడసూపదు. కనుక సాక్ష్యము రక్తమునే అడుగవలెను.

హెపటైటిస్ బి సోకినపుడు మొదట కానవచ్చునది వైరసు పైపొరకు చెందిన ప్రతిజనకము. 1965లో బ్లంబర్గ్ బృందము ప్రకటించిన ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ ఇదియే. పిమ్మట దేహము ప్రతిరక్షకములను, అనగా యాంటీబాడీలను, తయారుచేయును. కోలుకొనువారిలో ఒక్కొక్కప్పుడు ప్రతిజనకము మాయమైనను, రక్షణ నిచ్చు ప్రతిరక్షకము ఇంకను పొడచూపదు. ఆ సంధికాలమున క్రొత్త వ్యాధిని పట్టియిచ్చునది ఐజీఎం జాతి కోర్ యాంటీబాడీయే.

హెపటైటిస్ సి మరింత గడుసరి. దాని ప్రతిరక్షకములు రక్తమున తేలుటకు సగటున 8 నుండి 11 వారములు పట్టును. మూత్రపిండములు చెడినవారిలో ఇంకను ఆలస్యము కావచ్చును. ఈలోపల యాంటీబాడీ పరీక్ష చేసిన, వైరసు ఉన్నను ‘లేదు’ అనియే వచ్చును. వైరసు ఆర్.ఎన్.ఏ.ను వెదకు పరీక్ష మాత్రము ఒకటి రెండు వారములలోనే గుట్టు బయటపెట్టగలదు.

కావున ‘లేదు’ అను ఫలితము ఎల్లకాలపు హామీ కాదు. డయాలిసిస్‌కు ముందొకసారి, పిదప వైద్యులు నిర్ణయించిన గడువులలో మరల మరల పరీక్ష జరుగవలెను. హెపటైటిస్ బికి టీకా కలదు. డయాలిసిస్ రోగులకు రెట్టింపు మోతాదు నిత్తురు. టీకా పనిచేసినదో లేదో తెలుపునది కూడ ప్రతిరక్షకముల కొలతయే. హెపటైటిస్ సికి టీకా లేదు గాని, సుమారు మూడు నెలలు మాత్రలు మ్రింగిన అత్యధికులకు నయమగును. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ చికిత్స ఉచితము.

రోగి బంధువులకు మా మనవి యొక్కటే. పరీక్ష కాగితము చేతికి వచ్చినపుడు ఫలితమును చూచి ఊరకొనక, తేదీని కూడ చూడుడు; మరుపరీక్ష ఎన్నడో అడిగి తెలిసికొనుడు.