ఒక పొయ్యి, ఒక కూర



మనది ఉద్దానం. కొబ్బరి తోటలు, జీడి తోటలు ఉన్న చోటు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఎందుకు వస్తోందో డాక్టర్లు ఇంకా గట్టిగా తేల్చలేదు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. వైద్యం అక్కడ చేస్తారు. కాని పూట పూటకీ అన్నం పెట్టేది మనమే కదా.

ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ, నీటినీ, పొటాషియాన్నీ కిడ్నీలు బయటికి పంపుతాయి. అవి పాడైతే అన్నీ లోపలే ఉండిపోతాయి. ఉప్పు ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, బి.పి. పెరుగుతుంది. పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. అలాగని అది విషం కాదు. కూరల్లో, పళ్లల్లో ఉండేదే.

"రెండు కూరలు ఎవరు వండుతారమ్మా?" అని అడుగుతారు. నిజమే. తెల్లారే జీడి పనికి పోయే మనిషికి అంత తీరికేదీ? ఒకే కూర వండండి. ఉప్పు వేయకముందే జబ్బు మనిషి వాటా గిన్నెలోకి తీయండి. అందులో చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. పోపు మాత్రం ఘుమఘుమలాడాలి. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు వేయండి. ఉప్పు తగ్గిందని ముక్కుకు తెలియకూడదు! ఆవకాయ, అప్పడం, ఎండుచేప వద్దు.

పొటాషియం ఎక్కువుందని డాక్టరు చెబితే, బంగాళాదుంప లాంటివి చెక్కు తీసి చిన్న ముక్కలు కోయండి. గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. మళ్లీ ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి, అవీ పారబోయండి. సారం పోతుందని మనసొప్పదు. పోవాల్సింది ఆ సారమే. చింతపండు కూడా బాగా తగ్గించాలి.

ఇక కొబ్బరిబొండాం. చూడ్డానికి వచ్చిన చుట్టం ముందుగా బొండాం కొట్టి జబ్బు మనిషి చేతికిస్తాడు. ప్రేమతోనే ఇస్తాడు. కాని ఆ నీళ్లలో పొటాషియం చాలా ఉంటుంది. "డాక్టరుగారు వద్దన్నారు, మీరు తాగండి బావగారూ" అని చెప్పండి.

షాపులో తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతారు. మంచిదని కొనకండి. అందులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు.

పక్కింటివాళ్ల పథ్యం చూసి మన ఇంట్లో పెట్టకూడదు. డయాలసిస్ మొదలవని వాళ్లకి పప్పు, మాంసం తగ్గించమంటారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి గుడ్డు తెల్లసొన పెట్టమంటారు. రక్తపరీక్ష కాగితంలో మాటలు ఇంగ్లీషువే, అంకెలు మాత్రం మనం నేర్చుకున్నవే. పొటాషియం వరుస ఏదో నర్సమ్మను అడిగి, దాని కింద గీత గీయించుకోండి. 3.5కీ 5కీ మధ్య ఉంటే మంచిది. 5 దాటితే ఆ రోజే డాక్టరుకి చూపించండి.

ఇంకో మాట. జబ్బు మీకే ఉందనుకోండి. మనం అందరూ తిన్నాక మిగిలింది తింటాం. అప్పటికి కూరలో ఉప్పు పడిపోయి ఉంటుంది. మీ వాటా కూడా ముందే తీసి, మూత పెట్టి పక్కన ఉంచండి. ఎవరైనా అడిగితే, "అది నాది" అనండి.