డీజే ఒప్పందంలో తెలుగుకు చోటు
(ప్రసంగ పాఠం)



భాషాహక్కుల సభలో డీజే ప్రస్తావన ఏమిటని మీరు ఆశ్చర్యపడవచ్చును. హోసూరులో మా బంధువుల ఇంటి పెళ్లిలో నేను చూచినది మీతో చెప్పవలసి ఉన్నది.

మా ప్రాంతంలో ముహూర్తానికి ముందురాత్రి రిసెప్షన్ పెట్టుకొనుట పరిపాటి. వధూవరులిద్దరూ తెలుగువారే, వచ్చినవారిలోనూ మనవారే అధికులు. అయినను మండపం ఆవరణలో తమిళ, హిందీ పాటలే మ్రోగినవి. ప్రకటనలన్నీ ఆంగ్లంలో సాగినవి. పెండ్లికూతురి అమ్మమ్మగారు నలుగుపాట పాడుతానని మైకు అడిగినారు. "లిస్టులో లేదమ్మా" అని డీజే కుర్రవాడు మర్యాదగానే చెప్పినాడు. ఆమె మారు పలుకక వచ్చి కూర్చున్నారు.

నేను ఆ కుర్రవానిని తప్పుపట్టను. తమిళ పాటపై నాకు ద్వేషమూ లేదు. జాబితా ఇచ్చినది మనవారే. స్పీకర్లెన్ని, లైట్లెన్ని, అడ్వాన్సు ఎంత అని విచారించినవారు భాష ఊసు ఎత్తలేదు.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయినప్పుడు మనం న్యాయస్థానాల మెట్లెక్కినాము. రాజ్యాంగం 29వ అధికరణం మన భాషను కాపాడుకొనే హక్కునిచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నించవలెనని 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెప్పినది. వాటికోసం పోరాడి తీరవలెను. కాని పెళ్లిపందిట్లో తెలుగును ఏ ప్రభుత్వం ఆపినది? మన అశ్రద్ధవలన హక్కు పోదు. అడిగే గొంతు మాత్రం సన్నగిల్లును.

కనుక న్యాయవాదిగా నా సూచన ఇది. నోటిమాట ఒప్పందమూ చెల్లును, నిరూపించుటే కష్టం. డీజేతో ఒక కాగితం వ్రాయించుకొనండి. ప్రకటనలు తెలుగులోను, అతిథులకొరకు స్థానిక భాషలోను ఉండవలెను. పాటలలో సగమైనా తెలుగువి కావలెను. జాబితా వారంముందే చూపవలెను. పెద్దల పాటలకు అరగంట కేటాయించి, అప్పుడు యంత్రసంగీతం ఆపి మైకు వారికీయవలెను.

ఆ అరగంటను మొదటనే పెట్టించండి. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు, మూసిన మందిరాల లోపల తప్ప, లౌడుస్పీకరు వాడరాదు. 2005లో సుప్రీంకోర్టు కూడా దీనిని గట్టిగా చెప్పినది. చివరకు మిగిల్చిన పాటకు వేళ మిగలదు. పాటల లైసెన్సు పేరిట ఎవరైనా రుసుము అడిగినచో, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షనులో పెళ్లి ఊరేగింపునకు, పెళ్లి వేడుకలకు మినహాయింపు కలదని చూపండి.

మరునాడు తెల్లవారుజామున నలుగు పెట్టునప్పుడు ఆ అమ్మమ్మగారు తమ పాట పాడినారు. విన్నవారము అయిదారుగురమే. రాత్రి ఆడి అలసిన పిల్లలందరూ నిద్రలో ఉన్నారు. ఆ పాట వారికి తెలియవలెనంటే, వారు మేలుకొని ఉన్న వేళ ఆమెకు మైకు అందవలెను. మీ ఇంట రాబోవు పెళ్లికి ఆ కాగితం ముందే వ్రాయించండి.