కరెంటు పోతే ఫోన్ టార్చి వెయ్యకండి

2024 ఏప్రిల్ 16న దుబాయ్, షార్జాల్లో పడ్డ వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి షార్జాలో మా బిల్డింగ్‌కు కరెంటు పోయింది. కింద నీళ్లు, లిఫ్టు లేదు. రూములో ఆరుగురం, ఫోన్ టార్చీలు వేసుకుని కూర్చున్నాం. తెల్లారేసరికి ఒక్క ఫోన్లోనూ చార్జింగ్ లేదు. టీవీలో వరద చూసి ఊళ్లో మా అమ్మ రాత్రంతా ఫోన్ చేస్తూనే ఉందట.

అప్పట్నుంచి నాకు లైటు వేరు, ఫోన్ వేరు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే, తలకు కట్టుకునే లైటు ఒకటి కొన్నా. చేతులు ఖాళీగా ఉంటాయి, చీకట్లో మెట్లు దిగేటప్పుడు అదే కావాలి. వాడనప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టండి, లోపలే ఉంటే కారి లైటు పాడవుతుంది. కొవ్వొత్తి మాత్రం వద్దే వద్దు. మంచాలకు కర్టెన్లు కట్టుకుని పడుకునే రూములు మనవి.

ఇక పవర్ బ్యాంకు. 20,000 ఎంఏహెచ్ అని చూసి మురిసిపోకండి. ఆ లెక్క లోపలి బ్యాటరీది, 3.7 వోల్టులది. దాన్ని 5 వోల్టులకు పెంచి ఫోన్‌కిచ్చేసరికి చేతికొచ్చేది పన్నెండు, పదమూడు వేలే. వెనకాల చిన్నక్షరాల్లో వాట్ అవర్స్ చూడండి. 20,000కి 74 ఉండాలి. 30,000 అని రాసి 40 ఉందంటే పచ్చి అబద్ధం. 100 లోపుంటే విమానంలో చేతి బ్యాగులో తీసుకెళ్లొచ్చు, లగేజీలో వెయ్యకూడదు.

ఎండలో కార్లో వదలకండి, దిండు కింద పెట్టకండి. నేనైతే జీతం పడ్డ రోజు దానికీ చార్జింగ్ పెడతా.