పన్నెండింట్లో ఒకటే మిగిలింది: తాతయ్య మడత కెమెరా కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో యాప్‌లు లేవు, ల్యాప్‌టాప్ లేదు. ఇదిగో, ఇది ఉంది. (కెమెరా చూపిస్తూ) మూసి ఉంటే లావుపాటి కళ్లజోడు పెట్టెలా ఉంటుంది. పైన ఈ బటన్ నొక్కితే, టక్‌మని తలుపు తెరుచుకుని లెన్స్ ముందుకొస్తుంది. వెనకాల ఈ నల్లటి మడతలు చూశారా? హార్మోనియం మడతల్లాగా. వీటినే బెలోస్ అంటారు. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఉంటుంది కదా, దానికీ ఇంగ్లీషులో ఇదే పేరు. ఇవాళ్టి కథంతా ఈ మడతల్లోనే ఉంది.

కెమెరా పేరు ఆగ్ఫా ఐసోలెట్ 2. జర్మనీలో, మ్యూనిక్‌లో చేసింది. 1950లలో వచ్చిన మోడల్. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, స్కూలు మాస్టారు. ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. ఆయన పోయాక ఇరవై ఏళ్లకు పైగా అమ్మమ్మ గారింట్లో బీరువా పై అరలో, పాత తువ్వాలులో చుట్టి ఉంది.

ముందు దీని లెక్కలు చెప్పేస్తాను. ఇందులో 120 ఫిల్మ్ వేయాలి. ఆ సైజు కొడాక్ వాళ్లు 1901లో తెచ్చారు, ఇప్పటికీ కొత్త రోల్స్ తయారవుతూనే ఉన్నాయి. నూట ఇరవై ఏళ్లు దాటినా సపోర్ట్ ఆగని ఫార్మాట్! మా సాఫ్ట్‌వేర్‌లో మూడేళ్లు నిలబడితే గొప్ప. ఒక రోల్‌కి 12 ఫొటోలు. ఒక్కో నెగెటివ్ సుమారు 6 సెంటీమీటర్లు బై 6 సెంటీమీటర్లు, అంటే మామూలు 35 ఎంఎం నెగెటివ్ కంటే మూడున్నర రెట్లు పెద్దది. లెన్స్ 85 ఎంఎం, ఎఫ్ 4.5. షట్టర్‌కి నాలుగే స్పీడ్లు: 1/25, 1/50, 1/100, 1/200. ఇంకోటి ‘బీ’, అది మనం నొక్కినంతసేపూ తెరిచే ఉంటుంది. లైట్ మీటర్ లేదు, బ్యాటరీ లేదు. దూరం కూడా మనమే అంచనా వేసి, రింగ్ తిప్పి పెట్టుకోవాలి.

నా చేతికొచ్చినప్పుడు ఆ రింగ్ అసలు కదల్లేదు. ఈ పాత ఆగ్ఫాలకి అది మామూలు జబ్బే. లోపల రాసిన గ్రీజు ఏళ్లు గడిచేసరికి ఆకుపచ్చగా, బంకలా గట్టిపడిపోతుంది. కోఠిలో గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. పది రోజుల్లో లెన్స్ విప్పి, బంక కరిగించి, షట్టర్ కడిగి ఇచ్చారు. చెవి దగ్గర పెట్టుకుని నాలుగు స్పీడ్లూ వినిపించారు. ఇచ్చేటప్పుడు ఒక మాట అన్నారు: “సార్, బెలోస్ కూడా చూసుకోండి. ఈ మోడల్‌కి మూలల్లో చిల్లులు పడతాయి.”

నేనేమన్నానో తెలుసా? “వచ్చే నెల చూద్దాం లెండి.”

ఎందుకంటే అప్పటికి వారమే టైముంది. పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు అమ్మేశారు. అమ్మమ్మ రాజమండ్రిలో మావయ్య దగ్గరికి వెళ్లిపోతోంది. కొన్నవాళ్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. నాకు మిగిలింది ఒక్క ఆదివారం.

“ఫోన్‌లో తీసుకోవచ్చుగా” అంటారు. తీశాను, బోలెడు ఉన్నాయి. కానీ అమ్మమ్మ ఆల్బమ్‌లో తాతయ్య ఈ కెమెరాతోనే తీసిన ఫొటోలున్నాయి. అరచేతిలో పట్టేంత చదరపు ఫొటోలు. అప్పట్లో నెగెటివ్‌ని కాగితం మీద ఆనించి, అదే సైజులో ప్రింట్ వేసేవాళ్లు. వీధి అరుగు, నూతి గట్టు, ధాన్యం గది తలుపు. ఆయన ఎక్కడెక్కడ నిలబడి తీశారో అక్కడే నిలబడి, అదే లెన్స్‌తో, ఇంకొక్కసారి తీయాలని నా కోరిక.

సరే, ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రోల్ ఒకటి వేసుకుని వెళ్లాను. స్పీడ్ 400. ఎండలో లెక్క సులువే. దాన్ని ‘సన్నీ 16’ అంటారు: మంచి ఎండ ఉంటే ఎఫ్ 16 పెట్టి, షట్టర్ స్పీడ్‌ని ఫిల్మ్ నంబరుకి దగ్గరగా పెట్టాలి. 400 ఫిల్మ్‌కి 1/400 కావాలి. నా దగ్గర 1/200 వరకే ఉంది కాబట్టి ఒక మెట్టు మూసి ఎఫ్ 22 పెట్టాను. ఆల్బమ్ చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ, కెమెరా తెరిచి మెడలో వేసుకుని, ఎండలో ఇల్లంతా తిరిగాను. ఒక్కో ఫొటోకి పది నిమిషాలు. మహా శ్రద్ధగా తీస్తున్నానని నాకు నేనే మురిసిపోయాను.

మధ్యలో వంటింటి గుమ్మంలోకి వెళ్లాను. అమ్మమ్మ పట్టకారుతో పాలగిన్నె దించబోతోంది. “అమ్మమ్మా, ఒక్క నిమిషం అలాగే ఉండు” అన్నాను. “నిమిషం ఏంట్రా, పాలు పొంగిపోతున్నాయి, తొందరగా కానీ!” అంది. అప్పుడు కెమెరా మూసే ఉంది. టక్‌మని తెరిచి, రెండు మీటర్లు అని గుడ్డిగా అనుకుని, ఎఫ్ 4.5, 1/25, క్లిక్. “పక్కకి జరుగు, కాలుతుంది” అని కసిరింది. వెంటనే మూసేశాను.

హైదరాబాద్ వచ్చాక బాత్రూమ్‌లోనే డెవలప్ చేశాను. హెచ్‌పీ5ని ఐడీ-11 డెవలపర్‌లో, నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. నిమిషానికోసారి పది సెకన్లు ట్యాంక్ తిప్పాలి. ఏప్రిల్‌లో మన కొళాయి నీళ్లు 20 డిగ్రీలెక్కడుంటాయండి? టబ్‌లో ఐస్ ముక్కలేసి, సీసాలు అందులో నిలబెట్టాను. ఫిక్సర్ అయ్యాక మూత తీసి రీల్ బయటికి లాగాను.

నెగెటివ్ మీద వెలుగు పడిన చోట నల్లగా ఉంటుంది. నా ఫిల్మ్ నిండా నల్లటి మచ్చలు. నూతి గట్టు మీద మచ్చ, అరుగు మీద మచ్చ. ధాన్యం గది తలుపైతే కనపడనే లేదు. పన్నెండింట్లో పదకొండు పోయాయి.

ఆ రాత్రి లైట్లన్నీ ఆర్పి, కెమెరా వెనక తలుపు తీసి, ఫోన్ టార్చ్ లోపల పెట్టాను. మడతల మూలల్లో సూది మొనంత చుక్కలు మెరిశాయి. లెక్కపెడితే తొమ్మిది. రెండు నిమిషాల టెస్ట్. పెద్దాయన చెప్పినరోజే చేసి ఉంటే, నల్ల ఫాబ్రిక్ పెయింట్ పూసినా ఆ ఆదివారానికి సరిపోయేది. ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, “టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌లో పెట్టకండి” అని జూనియర్లకి చెప్పినవాణ్ణి. నేను చేసింది అదే.

మరి వంటింటి ఫొటో ఒక్కటే ఎందుకు బతికింది? ఆలోచిస్తే తెలిసింది. చిల్లుల్లోంచి వచ్చే వెలుగు షట్టర్ నొక్కినప్పుడే పడదు. బెలోస్ తెరిచి ఉన్నంతసేపూ పడుతూనే ఉంటుంది. ఎండలో పది నిమిషాలు తెరిచి ఉంచి, శ్రద్ధగా తీసినవన్నీ మాడిపోయాయి. నీడలో, అమ్మమ్మ తొందరపెడితే ఐదారు సెకన్లలో తెరిచి మూసేసిన ఫ్రేమ్ మాత్రం శుభ్రంగా ఉంది.

శుభ్రంగా అంటే, అందులోనూ తప్పుంది. ఎఫ్ 4.5లో, రెండు మీటర్ల దగ్గర, ఫోకస్ సరిగ్గా ఉండేది ఓ పాతిక సెంటీమీటర్ల మేర మాత్రమే. నా అంచనా తప్పింది. పట్టకారు స్పష్టంగా ఉంది, అమ్మమ్మ ముఖం కొంచెం మసక. అదే ఎఫ్ 11లో మూడు మీటర్లకి పెట్టుకుంటే, రెండున్నర నుంచి నాలుగు మీటర్ల లోపు ఉన్నవన్నీ బాగానే వస్తాయి. అంచనా మీద తీసేవాళ్లు అలా పెట్టుకోవడం మంచిది.

తర్వాత కొత్త బెలోస్ తెప్పించి, ఆ పెద్దాయన దగ్గరే వేయించాను. ఈసారి టార్చ్ టెస్ట్ ఆయన ముందే చేశాను, ఆయన నవ్వారు. రెండో రోల్‌లో పన్నెండుకి పన్నెండూ వచ్చాయి, ట్యాంక్‌బండ్ మీద తీసినవి. బాగున్నాయి. కానీ అప్పటికే ఇల్లు లేదు.

ఆ ఒక్క ఫొటో పెద్దగా ప్రింట్ వేయించి రాజమండ్రి పట్టుకెళ్లాను. అమ్మమ్మ తన ముఖం చూసుకోనేలేదు. వెనకాల మసగ్గా ఉన్న గోడ మీద వేలు పెట్టి, “అదిగో, గూడు. మీ తాతయ్య కళ్లజోడు అక్కడే పెట్టేవారు” అంది. నాకైతే అక్కడ ఒక నల్లటి చదరం తప్ప ఏమీ కనపడలేదు. కాసేపాగి, “మిగతావి ఏవిరా?” అని అడిగింది. పోయాయని చెప్పాను. “నీ తొందర ఎక్కడికి పోతుంది” అంది. అంతే, ఇంకేం అనలేదు.

చివరగా రెండు మాటలు. మీ ఇంట్లో ఇలాంటి కెమెరా ఉంటే, ముందు చీకట్లో టార్చ్ పెట్టి చూడండి. ఫొటో తీయబోయే ముందు తెరవండి, తీశాక మూసేయండి. ఇంకోటి: వెనకాల నంబరు కనపడే ఎర్ర అద్దం ఉంటుంది. పాత ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు వెలుగు సోకేది కాదు. మన పాత ఫొటోల్లో కుంకుమబొట్టు నల్లగా పడటానికి అదొక కారణం. ఇప్పటి ఫిల్ముకి ఎరుపు కూడా సోకుతుంది. అందుకే ఎండలో ఆ అద్దం మీద చిన్న నల్ల టేప్ ముక్క అంటించుకోండి. ఫిల్మ్ తిప్పేటప్పుడు నీడలోకెళ్లి తీయండి.

రోల్ సుమారు వెయ్యి రూపాయలు. అది పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఏదైనా ముఖ్యమైన రోజు కోసం తీసుకెళ్తుంటే మాత్రం, అంతకుముందు ఒక రోల్ మీ వీధిలోనే ఖర్చుపెట్టండి.

మీ ఇంట్లో బీరువా మీద ఏముందో ఈ ఆదివారం దింపి చూడండి. మళ్లీ కలుద్దాం. ఉంటానండి.